బాలింత మనసు: నలభై దినాల తరువాత ఏమిటి?

ఏటేటా మన సంఘం సంచికలో పిల్లల చదువుల గురించి, ఉద్యోగాల గురించి, షాదీల ఖర్చు తగ్గించుకోవడం గురించి వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. ఈ మారు మేము వేరే సంగతి ఒకటి ఎత్తుకున్నాము. ఇది ఆడవాళ్ళ విషయం గదా, పదిమంది చదివే పుస్తకంలో ఎందుకని కొందరు పెద్దలు అనుకోవచ్చు. ఆడవాళ్ళ విషయమని పక్కన పెట్టబట్టే ఇన్నాళ్ళూ జరగరాని నష్టం జరిగిందని మా అభిప్రాయం. కనుక పెద్దలు కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవాలని మనవి.

మన ఇళ్ళలో పురుడు వస్తే ఎంత సందడో అందరికీ తెలిసిందే. బిడ్డ చెవిలో అజాన్ చెప్పిస్తాము. ఆరో దినాన ఛట్టీ చేస్తాము. ఏడో దినాన అఖీఖా జరిపి, తల వెంట్రుకలు తీయించి, ఆ ఎత్తు వెండికి దానం ఇస్తాము. బాలింతకు చెవుల్లో దూది, తలకు గుడ్డ, సాంబ్రాణి పొగ, కాయం ముద్ద, ఎండు ఖర్జూరం. చల్లటి నీళ్ళు ముట్టనివ్వరు. ఒంటరిగా విడిచిపెట్టరు. నలభయ్యో దినాన చిల్లా స్నానం చేయించి, కొత్త బట్టలు కట్టించి, అత్తవారింటికి సాగనంపుతారు.

ఇదంతా మంచి ఆచారమే. ఒక మనిషి శరీరం అలసిపోయిందని గుర్తించి, నలభై దినాలు విశ్రాంతి ఇచ్చిన పూర్వుల తెలివికి సలాము చేయవలసిందే. అయితే మేము అడగదలచిన ప్రశ్న ఒక్కటే. నలభై ఒకటో దినం నుంచి ఆ పిల్లను ఎవరు పట్టించుకుంటున్నారు? బిడ్డ ఎట్లా ఉన్నాడని అడిగేవాళ్ళు వందమంది. నువ్వు ఎట్లా ఉన్నావమ్మా అని అడిగేవారు ఎందరు?

మేము చేసిన తప్పు

కొన్నేళ్ళ క్రిందటి మాట. పేరు చెప్పము, మన విస్సన్నపేటలోనే ఒక ఇంటి కోడలు. తొలి కాన్పు. చిల్లా అయిపోయి పుట్టింటినుంచి వచ్చేసరికి మామిడి కోతలు ముమ్మరంగా ఉన్నాయి. ఆమె భర్త రెండు తోటలు గుత్తకు తీసుకున్నాడు. గాలివాన వస్తే కాయ రాలిపోతుందని, దొంగలు పడతారని పగలూ రాత్రీ తోటలోనే కావలి. అత్తగారికి చిక్కాలు పట్టే కూలీలకు వండి పంపడంతోనే సరిపోయేది. ఆ పిల్లకు రెండు నెలల పసిగుడ్డు, నాలుగు గోడలు, అంతే.

మెల్లమెల్లగా తల దువ్వుకోవడం మానేసింది. పలకరిస్తే పలకదు. బిడ్డ నిద్రపోయినా తాను నిద్రపోదు. బిడ్డను చూచి కన్నీళ్ళు కారుస్తుంది. మొదట్లో పొగరన్నారు. తరువాత పుట్టింటి మీద బెంగ అన్నారు. ఆ తరువాత, తోటలో అన్నం ఇవ్వడానికి పోయినప్పుడు గాలి సోకిందన్నారు. ఆ ఇంటివారు సలహా కోసం వచ్చింది మా వద్దకే. మేమేమి చెప్పాము? తావీజు కట్టించండి, మూడు జుమేరాతులు దర్గాకు తీసుకుపోండి, అదే పోతుంది అన్నాము. అంతకన్నా ఒక్క ప్రశ్న అడగలేదు. ఆమెతో మాట్లాడాలని కూడా మాకు తోచలేదు.

మూడు జుమేరాతులు గడిచాయి. ఒకనాటి మధ్యాహ్నం వరసకు ఖాలా అయ్యే ఒక పెద్దావిడ పక్కన కూర్చుని, ‘బేటీ, రాత్రిళ్ళు నిద్ర పడుతున్నదా?’ అని అడిగింది. ఆ పిల్ల చాలాసేపు ఊరుకుని, ‘నిద్ర లేదు ఖాలా. నేను లేకపోతే వీణ్ణి నువ్వు పెంచుకుంటావా?’ అన్నది. ఆ మాట వినగానే ఖాలా లేచి నిలబడింది. తెల్లవారి బస్సుకే విజయవాడ తీసుకుపోయి డాక్టరుకు చూపించారు. మందులు వాడారు. ఖాలా రోజూ వచ్చి పక్కన కూర్చునేది. కొన్ని నెలలకు పిల్ల మామూలు మనిషి అయింది. ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోతున్నాడు. అల్‌హమ్దులిల్లాహ్.

ఖాలా ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే మాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆనాటి నుంచి ఈ విషయమై కొంత చదివాము, తెలిసినవారిని అడిగాము. చదివిన కొద్దీ సిగ్గుపడవలసిన సంగతి ఒకటి బయటపడింది. మేము ఆచారమనుకుని చెప్పిన సలహా అసలు మన పూర్వుల ఆచారమే కాదు. వారు ఇంతకంటె ఎంతో ముందున్నారు.

పూర్వుల వైద్యం

ప్రసవ వేదనలో ఉన్న స్త్రీ మనసు గురించి ఖుర్ఆన్‌లోనే ఒక ఘట్టం ఉన్నది. హజ్రత్ మర్యం ఒంటరిగా ఖర్జూర చెట్టు మొదట్లో నొప్పులు పడుతూ, ఇంతకు మునుపే చనిపోయి ఉంటే బాగుండేదని వాపోయారు. ఆ మాటకు జవాబుగా మందలింపు రాలేదు. దుఃఖపడవద్దన్న ఓదార్పు, కాళ్ళ దగ్గర నీటి ఊట, తినడానికి పండిన ఖర్జూరాలు వచ్చాయి. అంటే ముందు ఊరట, దానితోపాటే తిండీ నీళ్ళూ. అంతటి పుణ్యస్త్రీకే అటువంటి మాట నోట వచ్చినప్పుడు, మన ఇంటి పిల్ల అదే మాట అంటే ఈమాన్ తక్కువని నిందించడం ఎంత అన్యాయం!

క్రీ.శ. 850 నుంచి 934 వరకు జీవించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు శరీరారోగ్యాన్నీ మనసు ఆరోగ్యాన్నీ కలిపి ఒక గ్రంథం వ్రాశాడు. శరీరానికి జబ్బు చేసినట్టే మనసుకూ జబ్బు చేస్తుందనీ, అందులో సిగ్గుపడవలసినది ఏదీ లేదనీ ఆయన వాదం. దుఃఖాన్ని ఆయన రెండు రకాలుగా విడదీశాడు. ఒకటి, కారణం తెలిసిన దుఃఖం. అయినవారు పోయారు, ఆస్తి పోయింది. దానికి మంచి మాటలు, ఆలోచన, తోడు కావాలి. రెండవది, కారణం కనిపించని దుఃఖం. అది శరీరంలోనుంచి పుట్టేది గనుక దానికి శరీరానికి చేసే వైద్యమే చేయాలి అన్నాడు. వెయ్యేళ్ళ కిందటి మాట ఇది. మా పేట కోడలిది రెండో రకం దుఃఖం. ‘నీకేం తక్కువమ్మా, బంగారంలాంటి బిడ్డ పుట్టాడు గదా, ఏడుపెందుకు?’ అని అడిగిన మేము, అల్ బల్ఖీ ముందు చిన్నపిల్లలకంటె తీసికట్టు.

మాటలతోనే ఆగలేదు వారు. 1284లో ఖైరో నగరంలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన మన్సూరీ ఆసుపత్రిలో ఆడవాళ్ళకు వేరే భాగం, వారిని చూడడానికి ఆడ పరిచారికలు, మతి చెదిరినవారికి ప్రత్యేకమైన చోటు ఉండేవి. దాని ఖర్చంతా వఖ్ఫ్ ఆస్తుల రాబడి మీద నడిచేది. 1488లో సుల్తాన్ రెండవ బాయజీద్ ఎదిర్నే పట్టణంలో కట్టించిన ఆసుపత్రిలో మనోవ్యాధి ఉన్నవారికి మందులతోపాటు నీటి ధారల చప్పుడు, సంగీతం వినిపించి సాంత్వన కలిగించేవారు. ఆ కట్టడం ఇప్పుడు వైద్యచరిత్ర మ్యూజియం.

ఖైరో, ఎదిర్నే ఎక్కడో దూరదేశాలని అనుకోనక్కరలేదు. చార్మినార్ కట్టిన నాలుగేళ్ళకు, 1595లో, మహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా హైదరాబాదులో దారుష్షిఫా కట్టించాడు. చుట్టూ గదులు, నడుమ ఖాళీ జాగా, రోగులు ఉండి వైద్యం చేయించుకునే ఏర్పాటు, యునానీ చదువు చెప్పే చోటు. ఆ బస్తీని నేటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. కొండపల్లితోపాటు మన ప్రాంతమంతా ఆనాడు గోల్కొండ ఏలుబడిలోనిదే. ఊరు కట్టినప్పుడు మసీదుతోపాటు దవాఖానా కూడా ఉండాలనుకున్న పాలకుల బిడ్డలం మనం.

ఘోషాలోపలికి వచ్చిన డాక్టరమ్మలు

మరి ఆ తెలివి మన ఇంటి ఆడవాళ్ళదాకా ఎందుకు రాలేదు? దీనికి ఒక కారణం, చూసే డాక్టరు మగవాడు కావడం. ఘోషాలో ఉండే స్త్రీ తెర వెనకనుంచి చేయి చాస్తే నాడి చూడడం తప్ప మగ వైద్యుడు చేయగలిగింది తక్కువ. నాడి దొరుకుతుంది గాని మనసు దొరకదు గదా.

ఈ ఇబ్బంది తీర్చడానికే 1875లో మద్రాసు మెడికల్ కాలేజీ ఆడవాళ్ళకు తలుపులు తెరిచింది. అట్లా చేరిన నలుగురిలో ఒకరైన మేరీ షార్లీబ్ తరువాత డాక్టరై, 1885లో మద్రాసులో విక్టోరియా ఘోషా ఆసుపత్రికి కారకురాలైంది. దానికి వెంకటగిరి రాజావారి విరాళం తోడైంది. అదే నేటి కస్తూర్బాగాంధీ ఆసుపత్రి. ఆ పేరులోని ‘ఘోషా’ అనే మాట మనవాళ్ళ కోసం పెట్టినదే. విశాఖపట్నంలోనూ, విజయనగరంలోనూ ఆడవాళ్ళ ఆసుపత్రులను జనం ఘోషాసుపత్రి అనే పిలుస్తూ వచ్చారు.

మనకు మరీ దగ్గరి కథ గుంటూరుది. 1883లో అమెరికా లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా కూగ్లర్ అనే యువతి గుంటూరు వచ్చింది. అప్పటికి గుంటూరు జిల్లా విడిగా లేదు. 1904 దాకా గుంటూరూ మన ప్రాంతమూ కృష్ణా జిల్లాయే. మిషన్ వారు మొదట ఆమెకు అప్పగించిన పని వైద్యం కాదు, ఘోషా ఇళ్ళలోని ఆడవాళ్ళ వద్దకు పోయి చదువు చెప్పడం. కాని ఆ ఇళ్ళలో అడుగు పెట్టిన డాక్టరు జబ్బులు చూచి ఊరుకోగలదా? చిన్న మందుల గదితో మొదలుపెట్టి, 1898 నాటికి ఆడవాళ్ళకూ పిల్లలకూ ఒక ఆసుపత్రిని నిలబెట్టింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. జనం ఆ ఆసుపత్రిని కూగ్లర్ ఆసుపత్రి అనే అన్నారు.

ఈ కథలో చాలామందికి తెలియని ముక్క ఒకటున్నది. ఇండియాకు రాకముందు కూగ్లర్ పనిచేసింది పెన్సిల్వేనియాలోని నారిస్‌టౌన్ మానసిక వైద్యశాలలో. అక్కడ ఆడవాళ్ళ విభాగానికి 1880 నుంచి పెద్ద డాక్టరుగా ఉన్న ఆలిస్ బెనెట్, రోగులకు గొలుసులూ కట్లూ వేసే పద్ధతిని తీసివేసి, వారికి చేతి పనులు కల్పించి పేరు తెచ్చుకున్న మనిషి. అంటే మన కృష్ణా జిల్లా ఘోషా ఇళ్ళలోకి వచ్చిన తొలి డాక్టరమ్మ, మనసు చెదిరిన ఆడవాళ్ళను కట్టివేయకుండా చూసుకునే చోటునుంచి వచ్చింది. మతం వేరైనా, ఆ రుణాన్ని ఒప్పుకోవడం మన ధర్మం.

మనలోని స్త్రీలు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. హైదరాబాదులో సుగ్రా హుమాయూన్ మీర్జా 1934లో ఆడపిల్లలకు సఫ్దరియా పాఠశాల పెట్టింది. మాసూమా బేగం స్త్రీల సంఘాలలో పనిచేసి, 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో సాంఘిక సంక్షేమ శాఖ చేపట్టింది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి 1937లో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ చదువు మానిన ఆడవాళ్ళకు చదువు, పని, వైద్యం ఒక్క గడప కింద చూపించింది. వీరందరి కృషిలోనూ కనిపించేది ఒక్కటే. ఆడది నాలుగు గోడలు దాటి, నలుగురు ఆడవాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడుకునే చోటు కల్పించడం. మనసుకు సగం మందు అదే.

గొలుసుల చరిత్ర

ఇంకో వైపు చరిత్ర కూడా చెప్పుకోవాలి. తెలుగు జిల్లాలలో మతి చెదిరినవారికి 19వ శతాబ్దం నుంచి వాల్తేరు ఆసుపత్రి ఒకటి ఉండేది. 1912 నాటి చట్టం పేరే ‘లూనసీ యాక్టు’, అంటే పిచ్చివాళ్ళ చట్టం. వైద్యంకన్నా నిర్బంధం మీదనే దాని దృష్టి. ‘పిచ్చాసుపత్రి’ అనే మాటకు జనం జడిశారు. అక్కడకు పంపితే చెల్లెలికి సంబంధం రాదు, ఇంటికి పరువు పోతుంది. దానికన్నా దర్గా మేలు, గుడి మేలు అనుకున్నారు. అట్లా జబ్బును దాచిపెట్టే అలవాటు హిందువుల్లోనూ మనలోనూ ఒకేలాగ స్థిరపడింది.

దాని ఫలితం 2001 ఆగస్టు 6న లోకమంతా చూచింది. తమిళనాడులోని ఏర్వాడి దర్గా చుట్టుపక్కల ప్రైవేటు వ్యక్తులు నడిపే వసతులలో మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచేవారు. ఆ వేకువజామున ఒక పాకకు నిప్పంటుకున్నది. గొలుసులు తెంపుకుని పారిపోలేక 28 మంది కాలిపోయారు. నయమవుతుందని నమ్మి అయినవారు వదిలి వెళ్ళిన మనుషులు వారు. సుప్రీంకోర్టు తనంతట తానే ఆ కేసు చేపట్టింది.

దర్గాకు పోవద్దని మేము అనడం లేదు. దుఆతో గుండె తేలికపడుతుందన్నది మేమూ ఎరిగిన సంగతే. అయితే దుఆ చేస్తూ దవా మానుకోమని మన పెద్దలు ఎన్నడూ చెప్పలేదు. ప్రతి జబ్బుకూ మందు ఉన్నదనీ, వైద్యం చేయించుకోవాలనీ ప్రవక్త వారి ఉపదేశం. ఈ రెంటినీ కలిపి చూపించినవారు ఉన్నారు. గుజరాతులోని ఉనావా గ్రామంలో మీరా దాతార్ దర్గా ఉన్నది. అక్కడ 2008లో ‘దవా, దుఆ’ అనే పేరుతో ఒక పని మొదలైంది. దర్గా ముజావర్లు ముందు దుఆ చేస్తారు. జబ్బు లక్షణాలు కనిపిస్తే అక్కడికక్కడే ఉన్న మానసిక వైద్యుని వద్దకు పంపుతారు. ముజావర్ చెప్పాడు గనుక జనం సంకోచం లేకుండా మందు వేసుకుంటారు. ఆనాడు మేము మా పేట కోడలి విషయంలో చేయవలసిన పని ఇదే. తావీజు కట్టించిన చేత్తోనే డాక్టరు చీటీ కూడా ఇప్పించి ఉండవలసింది.

చట్టం కూడా మారింది. 1987లో ఒక చట్టం, దాని స్థానంలో 2018 మే నుంచి అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం. ఇందులో ఎవరినీ గొలుసులతో కట్టరాదని ఉన్నది. మానసిక వైద్యశాలలో చేరిన తల్లినుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరు చేయరాదని ఉన్నది. ప్రాణం తీసుకోబోయినవారిని తీవ్రమైన మనోవేదనలో ఉన్నట్టుగానే ఎంచి, శిక్షించకుండా వైద్యం అందించాలని ఉన్నది. పోలీసు కేసవుతుందని భయపడి దాచిపెట్టే ఇళ్ళవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

లెక్కకు రాని జబ్బు

ఇక్కడ ఒక మంచి మాట చెప్పాలి. కాన్పులో తల్లులు చనిపోవడం మన రాష్ట్రంలో ఎంతో తగ్గింది. 2004-06 నాటికి లక్ష కాన్పులకు 154 మంది తల్లులు పోయేవారు. 2018-20 నాటికి ఆ లెక్క 45కు దిగింది. 2005 నుంచి వచ్చిన ఆశా కార్యకర్తలు, 108 బండ్లు, ఆసుపత్రి కాన్పులు దీనికి తోడ్పడ్డాయి. పాతకాలపు నానీలు, దాదీలు వింటే నమ్మరు. తల్లి ప్రాణం ఇట్లా నిలబెట్టుకున్నాము. మరి ఆ తల్లి మనసు లెక్క ఎవరు వ్రాస్తున్నారు?

బాలింతలకు వచ్చే మనోవ్యాధుల గురించి ఫ్రాన్సు దేశపు డాక్టరు లూయీ విక్తర్ మార్సే 1858లోనే పెద్ద గ్రంథం వ్రాశాడు. 1987లో బ్రిటనులో జాన్ కాక్స్ బృందం పది ప్రశ్నల చీటీ ఒకటి తయారుచేసింది. ఎడిన్‌బరో పేరుతో ప్రసిద్ధమైన ఆ చీటీని నర్సమ్మ కూడా అయిదు నిమిషాల్లో అడిగి, దిగులు జబ్బు ఉండవచ్చునో లేదో అంచనా కట్టవచ్చు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2017లో లెక్క వేస్తే, బాలింతల్లో నూటికి 22 మందికి ఈ దిగులు జబ్బు ఉన్నట్టు తేలింది. అంటే అయిదుగురిలో ఒకరు. మన జమాతులో ఈ ఏడు ఎన్ని అఖీఖాలు జరిగాయో లెక్క పెట్టుకోండి. అయిదింటికి ఒకటి చొప్పున ఎన్ని ఇళ్ళో మీకే తెలుస్తుంది.

డాక్టర్లు చెప్పేదాన్నిబట్టి ఇందులో మూడు మెట్లున్నాయి. కాన్పయిన మొదటి వారంలో ఊరికే కన్నీళ్ళు రావడం, చిరాకు పడడం చాలామందికి ఉంటుంది. రెండు వారాల్లో అదే సర్దుకుంటుంది. రెండవది దిగులు జబ్బు. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, బిడ్డ మీద మనసు పోకపోవడం, నేను పనికిరానిదాన్ని అనుకోవడం దీని గుర్తులు. ఇది కాన్పుకు ముందే మొదలుకావచ్చు, కాన్పు తరువాత ఏడాదిలోగా ఎప్పుడైనా రావచ్చు. మూడవది అరుదు, వెయ్యి కాన్పులకు ఒకటి రెండు. బాలింత ఒక్కసారిగా మతి తప్పినట్టు మాట్లాడడం, లేనివి వినిపించాయనడం, రోజుల తరబడి కన్ను మూయకపోవడం. మన ఇళ్ళలో దయ్యం పట్టిందనేది ఎక్కువగా దీన్నే. ఇది ఆ పూటే ఆసుపత్రికి తీసుకుపోవలసిన జబ్బు, జుమేరాతు దాకా ఆగేది కాదు. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో 2009 నుంచి ఇటువంటి తల్లులను బిడ్డతోసహా చేర్చుకుని వైద్యం చేసే విభాగం నడుస్తున్నది.

ఇంకొక మాట. నీరసమంతా మనసు జబ్బే అనుకోరాదు. 2019-21 సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో, 15 నుంచి 49 ఏళ్ళవారిలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కాన్పు తరువాత థైరాయిడ్ తేడా చేయడమూ ఉన్నది. కనుక ముందు రక్తపరీక్ష చేయించడం మంచిది. పాలిచ్చే తల్లి మందులు వాడరాదన్న భయం కూడా అందరి విషయంలో నిజం కాదు. పాలు ఇస్తూ వాడదగ్గ మందులు ఉన్నాయి. డాక్టరుకు ఆ సంగతి చెప్పి వ్రాయించుకోవాలి, సొంతంగా మాత్రం మానరాదు.

పక్కింటి ఆడమనిషే సగం వైద్యురాలు

మన వంటి పల్లెటూళ్ళకు మానసిక డాక్టర్లు ఎక్కడినుంచి వస్తారని ఎవరైనా అడగవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు పాకిస్తానులోని రావల్పిండి పల్లెల్లో దొరికింది. అక్కడ ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు, మన ఆశాల వంటివారు, పెద్ద చదువులు లేనివారు. డాక్టర్ అతీఫ్ రహ్మాన్ బృందం వారికి కొద్దిపాటి శిక్షణ ఇచ్చింది. వారు కాన్పుకు ముందు నెలనుంచి బిడ్డకు పది నెలలు వచ్చేదాకా పదహారు మార్లు ఇంటికి పోయి, దిగులులో ఉన్న తల్లితో కూర్చుని మాట్లాడారు. ఆమె ఆలోచనలను మెల్లగా మలుపు తిప్పడం, అత్తగారిని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడడం, అంతే. 2008లో వెలువడిన ఫలితం చూడండి. ఆరు నెలలకు ఈ పద్ధతి అందినవారిలో నూటికి 23 మందికి మాత్రమే జబ్బు మిగిలింది. అందనివారిలో 53 మందికి మిగిలింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని అన్ని దేశాలకూ పుస్తకంగా అందించింది. ఆఫ్రికాలో జింబాబ్వే దేశంలో డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో అవ్వలకు శిక్షణ ఇచ్చి, దవాఖానా బయట బెంచీ మీద కూర్చోబెట్టాడు. దిగులుతో వచ్చినవారు ఆ అవ్వ పక్కన కూర్చుని మనసు విప్పుతారు.

చదివితే మాకు మా ఖాలా గుర్తుకు వచ్చింది. ఆమె ఏ పుస్తకమూ చదవలేదు. అడగవలసిన ప్రశ్న అడిగింది, జవాబు వినేదాకా కూర్చున్నది, విన్న తరువాత ఆలస్యం చేయలేదు.

మన తెలుగు ఆడవాళ్ళకు ఈ విద్య కొత్తదేమీ కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన స్త్రీలు చదువుకుంటూ తమ కష్టం చెప్పుకున్నారు. సారా వల్ల ఒక్కొక్క ఇంట్లో ఏమి జరుగుతున్నదో బయటపడింది. ఎవరికి వారు తమ ఖర్మ అనుకున్నది అందరి బాధ అని తెలిసింది. ఆ మాటలే ఉద్యమమై 1993లో సారా నిషేధం తెచ్చాయి. మగవాడి తాగుడు, దెబ్బలు, అప్పులు ఆడదాని మనసును కుంగదీసే కారణాలని అల్ బల్ఖీ చెప్పిన మొదటి రకం దుఃఖానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. అక్కడ మాత్రతోనే పని కాదు, ఇల్లు మారాలి.

మనం చేయవలసినది

ఈ చరిత్రంతా చెప్పుకుని ఊరుకుంటే లాభం లేదు. సంఘ సభ్యుల ముందు మేము కొన్ని కోరికలు ఉంచుతున్నాము.

మొదటిది. చిల్లా స్నానంనాడు అందరూ బిడ్డకు కానుకలు తెస్తారు. ఆనాడు ఇంటి పెద్దావిడ ఒకరు బాలింతను పక్కగదిలోకి తీసుకుపోయి, నిద్ర ఎట్లా ఉంది, తిండి ఎట్లా ఉంది, మనసు ఎట్లా ఉంది అని మూడు ప్రశ్నలు అడగాలి. మూడు నెలలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి మళ్ళీ అడగాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండవది. మామిడి సీజనులో మన మగవాళ్ళు నెలల తరబడి తోటల్లో ఉండిపోతారు. ఇంట్లో బాలింత ఉన్నవాళ్ళు కావలికి వంతు వేసుకుని, వారానికి రెండు రాత్రులైనా ఇంటికి రావాలి. కాయ రాలితే మరుసటి ఏడు మళ్ళీ కాస్తుంది.

మూడవది. ఇమాం సాహెబులకూ, దర్గా ముజావర్లకూ మా విన్నపం. తావీజు కోసం వచ్చినవారిని ఖాళీగా పంపవద్దు, దుఆ చేయండి. దానితోపాటు డాక్టరు వద్దకు కూడా పొమ్మని ఒక్క మాట చెప్పండి. మీ నోటినుంచి వచ్చిన ఆ మాటకు మేము పది సభలు పెట్టినా రాని విలువ ఉంటుంది.

నాల్గవది. మన ఆడవాళ్ళు పొదుపు సంఘాలలో ఉన్నారు. కిస్తీ లెక్కలు అయిపోయాక పావుగంట, ఎవరి ఇంట్లో బాలింత ఉంది, ఎవరు మౌనంగా ఉంటున్నారు అని విచారించుకోండి. ఏఎన్ఎం అమ్మకూ, ఆశా అమ్మకూ చెప్పండి. బయటికి రావడానికి ఇష్టంలేనివారు ఇంట్లోనుంచే 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో ప్రభుత్వం పెట్టిన ఉచిత మానసిక సహాయ ఫోను అది, పగలూ రాత్రీ పలుకుతుంది. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా ఒక్కసారి అన్నా, మాటవరసకు అన్నదిలే అనుకోవద్దు. ఆమెను ఒంటరిగా విడవవద్దు, మందులూ పురుగుమందులూ అందకుండా చేయండి, ఆ రోజే డాక్టరుకు చూపండి.

చివరిగా అత్తగార్లకు ఒక మాట. మీరు కూడా ఒకప్పుడు ఇదే ఇంట్లో, ఇదే మూలగదిలో పసిబిడ్డతో రాత్రిళ్ళు మేలుకున్నవారే. ఆనాడు మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మేం పడలేదా, వాళ్ళూ పడతారు అనడం సులభం. ఆనాడు ఎవరైనా అడిగి ఉంటే బాగుండేదని మీ మనసులో ఒక్కసారైనా అనిపించి ఉంటే, ఆ అడిగే మనిషి ఈనాడు మీరే కండి.

వచ్చే ఏడు సంచికకు మళ్ళీ కలుసుకునే నాటికి, మన పేటలో చిల్లా దాటిన ప్రతి తల్లినీ కనీసం ఒకరైనా ‘నువ్వెట్లా ఉన్నావమ్మా’ అని అడిగారన్న మాట వ్రాసుకునే భాగ్యం అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.